స్నానాలగదిలో సముద్రం

అల్ తుమామా, దోహా
17 జూన్ 2023

చిరంజీవి సౌభాగ్యవతి మమతకు భూమేష్ ప్రేమతో రాయునది. ఇక్కడ నేను బాగున్నాను. అక్కడ నువ్వు, అవ్వ, పిల్ల బాగుండాలని రోజూ మొక్కుకుంటున్నాను.

ఫోన్లో నువ్వు ఒకటే మాట పట్టుకుంటావు. కంపెనీ లీవు ఇస్తలేదా, నీకే రాబుద్ధి అయితలేదా అని మొన్న నిలదీశావు. నేను నెట్ సరిగా లేదని పెట్టేశాను. అందుకే ఈ కాగితం. నాతో పనిచేసిన గజేందర్ ఊరికి వస్తూ తెచ్చిస్తాడు.

ముందు నిన్నటి ముచ్చట చెబుతా. నేను వంట చేసే ఇంటి మేడంది ఐర్లండ్. వాళ్ల దేశంలో ఒక లావుపాటి నవల ఉందట. ఒక మనిషి పొద్దున బయలుదేరి, రోజంతా ఊరు తిరిగి, రాత్రికి మళ్లీ ఇల్లు చేరతాడు. దానికి ఏటా జూన్ పదహారున పండగ. దేవుడికి చేస్తారు, పెద్దలకు చేస్తారు గానీ పుస్తకానికి పండగేమిటని నువ్వు నవ్వుతావు. నేనూ నవ్వాను.

ఆ మనిషి తిన్నాడని పొద్దున్నే మేక గుర్దాలు వేయించాలి. వెన్నలో వేయించమంటే అలవాటుకొద్దీ అల్లంవెల్లుల్లి, కారం దట్టించాను. అతిథులు కళ్లు తుడుచుకుంటూనే గిన్నె ఖాళీ చేశారు.

బయట ఎండలో కాలు పెట్టలేం గనుక ఆ నవలలోని ఊరిని ఇంట్లోనే కట్టారు. హాలు బజారు, మెట్ల కింద శ్మశానం, స్నానాలగది సముద్రం. ప్రతిచోటా ఆగి ఒక పేజీ చదవడం. ఆ మనిషి వేషం వేయాల్సినాయన రాలేదు. మేడం నల్లటోపీ నా నెత్తిన పెట్టి, యల్లా భూమేష్, ఇక నడువు అన్నది. చదివింది ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా ముందు నడిచాను. నిజం చెప్పొద్దూ, సంతోషమేసింది.

చివరికి ఇల్లు చేరాలి. వీధి గేటు బయటికి పోయి, తాళంచెవి మరిచినవాడిలా తట్టి లోపలికి రావాలట. గేటు తెరిచి అందరూ నావైపు చూశారు. వంటగది కిటికీలోంచి నాకు రోజూ కనిపించే గేటే అది. వీధిలో పిట్ట మనిషి లేడు. అయినా వెనక్కి తిరిగాను. పొయ్యి మీద పాలున్నాయని చెప్పి వంటగదిలోకి వచ్చేశాను. టోపీ నెత్తినే ఉంది. అక్కడే నిలబడి ఏడ్చాను మమతా. ఆ మనిషి ఒక్కరోజులో ఇల్లు చేరాడు.

అవ్వకు దండాలు. పిల్లకు ముద్దులు.

నీ
భూమేష్

తా.క. లీవు ఇస్తలేరని చెప్పింది అబద్ధం. కంపెనీ మూతపడి, ఈ దేశంలో ఉండనిచ్చే నా కార్డు గడువు దాటి రెండేళ్లయింది. ఇలా కాగితాలు లేనివాళ్లను ఇక్కడ ఖల్లివల్లి అంటారు. పట్టుకుంటారన్న భయంతో ఈ గేటు దాటలేదు. మేడంకు కూడా కార్డు ఉందనే చెప్పాను. నిన్న పొయ్యి మీద పాలు లేవు. ఈ ఉత్తరం నీకు చేరేసరికి నేనే పోయి పోలీసులకు లొంగిపోయి ఉంటాను. ఎన్నాళ్లు లోపల పెడతారో తెలియదు. ఆ తర్వాత ఇంటికే తోలుతరని గజేందర్ అన్నాడు. నా ఫోను కలవకపోతే ఏడవకు. బయలుదేరానని అనుకో.