పొడి చెత్తలో పొట్లం

జూన్ 3, మంగళవారం. ఉదయం 7.10

చెత్త ఆటో పది నిమిషాలు లేటు. నడిపేది లక్ష్మణ్, వెనక నిలబడి ఏరేది అతని భార్య నాగమణి. ఎదురింటివాళ్లు ఈ రోజూ తడీ పొడీ కలిపే ఇచ్చారు. నేను పాల ప్యాకెట్లు కూడా కడిగి ఆరబెట్టి ఇస్తాను. మీ చెత్తల అన్నం పెట్టుకొని తినొచ్చు పెద్దమ్మా అని నాగమణి నవ్వింది. ఇంత శ్రమ ఎందుకని మనవరాలు హరిచందన అడిగింది. మనం వేరు చేయకపోతే ఆమె అందులో చేతులు పెట్టాలి అన్నాను.

నిన్నటి జంతికలు నాగమణికి పొట్లం కట్టి ఇచ్చాను. న్యూస్‌పేపర్, తెల్ల దారం.

జూన్ 6, శుక్రవారం. ఉదయం 7.30

హరిచందన కాఫీ సీసా పగలగొట్టింది. పదకొండు ముక్కలు. ఎవరికీ గుచ్చుకోకూడదని పేపర్లో చుట్టి, దారం కట్టి, పొడి చెత్త బకెట్లో అన్నిటికన్నా పైన పెట్టాను. నేను స్నానంలో ఉండగా ఆటో వచ్చి వెళ్లింది.

జూన్ 7

ఆటో రాలేదు.

జూన్ 8, ఆదివారం

లక్ష్మణ్ ఒక్కడే వచ్చాడు. నాగమణికి ఏదో పొట్లంలోని గాజు పెంకులు కోసుకుని చేతికి కుట్లు పడ్డాయట. ఎవరింటిదో తెలియదన్నాడు. నేను బకెట్లు అందించాను. తడీ పొడీ రెండూ ఆటోలో ఒకే అరలో గుమ్మరించాడు. ఏరే మనిషి లేదు, ఏం జెయ్యాలమ్మా అన్నాడు.

మా అబ్బాయి ఫణిభూషణ్‌కి చెప్పాను. నీ తప్పేం లేదమ్మా, ఈసారి మార్కర్‌తో రాసిపెట్టు అన్నాడు. ఫోన్ చూస్తూనే.

జూన్ 11, బుధవారం. సాయంత్రం 4.00

అత్వెల్లిలో నాగమణి వాళ్లుండే గదికి వెళ్లాను. పండ్లు ఇచ్చాను. ఆ పొట్లం నాదేనని చెప్పడానికి ఇరవై నిమిషాలు పట్టింది.

"ఎరుకే పెద్దమ్మా. గా దారం మీదేనాయె. నాకోసమే పైన పెట్టిండ్రనుకున్న. గలగల అంటే జంతికలే అనుకొని చెయ్యి పెట్టిన."

మరి లక్ష్మణ్‌కి ఎందుకు చెప్పలేదని అడిగాను. చెప్తే మీ గేటు కాడ ఆటో ఆపడు అంది.

కుడిచేతి రెండు వేళ్ల నరాలు తెగాయి. ఇక మడవడం కష్టమని డాక్టర్ చెప్పారట. ఆటో మీదికి ఇంకొకరిని తీసుకుంటున్నారు. నేను మాట్లాడి చూస్తానన్నాను. ఎవరితో పెద్దమ్మా అంది.

జూన్ 16, సోమవారం

నా కుడిచేతి రెండు వేళ్లు మడవడానికి రాకుండా గుడ్డ కట్టుకుని చెత్త వేరు చేశాను. గంటా పది నిమిషాలు పట్టింది. అప్పటికి ఆటో వెళ్లిపోయింది.