బండి చూడుమంటే చూసుడే

దిల్‌సుఖ్‌నగర్,
బుధవారం

అరేయ్ అభిలాష్,

ఫోన్ల చెప్తే మధ్యల అడ్డమొస్తవ్, అందుకే రాస్తున్న. మొన్న ఎల్బీనగర్ చౌరస్తా మీటింగుల మైకు పడేసి ఉరికిన నన్ను, మన తోపుడుబండ్ల సంఘపోళ్లందరి ముందట "పోలీసు జీపు కనవడంగనే లాగు తడిసిందా రా?" అన్నవ్. నీ చెంప పగలగొడుదామనుకున్న. కానీ అప్పటికే ఉరుకుతున్న గద.

జీపును నేను చూడనే లేదు, దొడ్డికి ఉరికిన. రెండేండ్ల కింద ఊరికి పోయి నాలుగు నెలలు రాలే, యాదికున్నదా? కామెర్లని చెప్పిన. అబద్ధం. పుండ్లు పడ్డ నా పెద్దపేగు మొత్తం తీసేసి, చిన్నపేగు కొసను మలిచి లోపల సంచి లెక్క కుట్టిన్రు. ఇగ మామూలు మనిషినే అనుకున్న. ఇప్పుడు ఆ సంచే వాచిపోతున్నది. ఈ ఏడాదిల ఇది నాలుగోసారి. జ్వరం, నొప్పి, రోజుకు ఇరవైసార్లు దొడ్డికి. రెండు వారాలు యాంటీబయాటిక్ మింగితే తగ్గుతది. ఆపిన నెలకు మళ్లొస్తది. మందు కంపెనీల దోపిడీ మీద ఒక కరపత్రం చదివి, పోయినసారి ఐదో రోజే గోలీలు బంద్ పెట్టిన. కంపెనీకేం కాలే, నేనే దవాఖానల పడ్డ. ఇట్లనే తిరగబెడితే పొట్టకు రంధ్రం చేసి బయట సంచి తగిలించాల్సి రావొచ్చని డాక్టరమ్మ అంటున్నది.

నాకు ఈ పట్నం ఎంతుందో తెల్సా? నా రూము కాడికెళ్లి మెట్రో స్టేషన్ దాంక. నడుమ నన్ను దొడ్డికి పోనిచ్చేటియి రెండే: ఒక హోటల్, ఒక కోచింగ్ సెంటర్ రెండో అంతస్తు. వాటికి తాళం పడ్డదంటే నేను ఖైదీనే. తోపుడుబండ్ల ఆడోళ్లకు మరుగుదొడ్డి కావాలని కరపత్రం రాసింది నేనే. అందుల నా గురించి ఒక్క అక్షరం లేదు. వాళ్ల బాధ చాటుకు దాక్కున్న. గిసొంటోడు నాయకుడేంది? సంఘానికి రాజీనామా రాసిన. శనివారం బండ్లోళ్లకు చెప్పి నీకు పంపుత.

మహిపాల్


దిల్‌సుఖ్‌నగర్,
ఆదివారం

అభిగా,

రాజీనామా పంపుతలేను. ఎందుకో చదువు.

నిన్న పూలబండి అరుణమ్మ కాడ నిలవడి, చెప్పుడు షురూ చేస్తుంటెనే దొడ్డికి ఒత్తుకొచ్చింది. చేతిల కరపత్రాల కట్ట. ఏడ పెట్టాలె? ఆమె నా మొఖం చూసి, "ఇటియ్యి బిడ్డా. పోయిరా పో" అన్నది.

వచ్చినంక నేనే అడిగిన: "ఏడికని అడగవా?"

"పక్కామె బండి చూడుమంటే చూసుడే. ఏడికి, ఎందుకు అని మేం అడుగం. జామకాయల కౌసల్యమ్మ పొద్దుగాల సంది నాలుగుసార్లు పోయింది. నేనడిగిన్నా?"

అప్పుడు మొత్తం చెప్పిన. పేగు, గోలీలు, కామెర్ల అబద్ధం, అన్నీ. అరుణమ్మ విని, కరపత్రం నా చేతిల పెట్టింది. "మా గురించి ఏం రాసినవో చదువు."

"మౌనంగా భరిస్తున్న మహిళలు..."

కౌసల్యమ్మ పక్కబండి కాడినుంచే పకపక నవ్వింది. "మౌనమా? పొద్దంత అరుస్తనే ఉంటం గదరా! నోరు మూస్కొని కూసున్నోనివి నువ్వు."

కోపమొచ్చింది. నిజం గాబట్టి ఇంకా ఎక్కువొచ్చింది.

రూముకొచ్చి కరపత్రం తిరగరాసిన. మొదటి వాక్యం: "నా పేరు మహిపాల్, నాకు పెద్దపేగు లేదు." గోలీలు ఈసారి ఆఖరిదాంక మింగుత. తగ్గుతదో, పొట్ట మీద సంచే వస్తదో తెల్వది. నా పట్నం ఇంకా గంతే ఉన్నది.

మంగళవారం మళ్ల ఎల్బీనగర్ చౌరస్తా. బాటసింగారం మార్కెట్ల పండ్ల లోడు దింపి పదింటికల్లా రా. మాట్లాడుకుంట మాట్లాడుకుంట మైకు నీ చేతిల పెడ్త. ఏడికని అడగకు. నేనొచ్చేదాంక చూడు.

నీ
మహిపాల్