రెండు గంటలు ఊరికే కూర్చోనివ్వమని

ఆరోగ్య కేంద్రాల పర్యవేక్షణాధికారి గారి సమక్షమునకు,

నెలనెలా రక్తపరీక్షకు హాజరగు షుగరు రోగులలో ఒకడు, విశ్రాంత టైపిస్టు, వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: రక్తపరీక్ష గది ముందు వరండాలో గోడవారగా ఉండి, తమరి ఉత్తర్వు మేరకు తొలగింపబడిన పొడవాటి చెక్క బెంచీని యథాస్థానంలో వేయించుట గురించియు, దానిపై రోగులు రెండు గంటలసేపు ఏ పనీ లేకుండా కూర్చొనుటకు అనుమతి ఇప్పించుట గురించియు.

తమరికి సవినయంగా విన్నవించుకొనునది ఏమనగా, నేను ఉద్యోగంలో ఉన్నంతకాలం ఇతరుల అర్జీలు టైపు చేసినవాడను. "కడు దీనావస్థలో ఉన్నాను" అనే ముక్కను టీ తాగుతూ, పక్క సీటాయనతో జోకులేస్తూ కొట్టిపారేసేవాణ్ణి. ఇప్పుడు నా వంతు వచ్చింది. టీ ఉంది గాని అందులో చక్కెర లేదు. వేలి కొసలు పొడిపించుకుని పొడిపించుకుని మొద్దుబారినందున అక్షరాలు అటూ ఇటూ పడినచో మన్నించ ప్రార్థన.

1. మా జబ్బు పరీక్ష ఒక్కసారితో అయ్యేది కాదు. పొద్దున్నే ఖాళీ కడుపుతో వచ్చి ఒకసారి రక్తమివ్వాలి. తర్వాత ఏదైనా తిని, రెండు గంటలు ఆగి, మళ్ళీ ఇవ్వాలి. ఆ రెండు గంటలూ పూర్వం మేము సదరు బెంచీపై గడిపేవాళ్ళం. ఇప్పుడు తమరి కొత్త ఏర్పాటు ప్రకారం ఎవరిళ్ళకు వాళ్ళం పోవచ్చు. వేళకు ఫోనులో సందేశం వస్తుంది, వచ్చి రక్తమిచ్చి పోవాలి. బెంచీ ఉన్నచోట "అనవసరముగా కూర్చొనరాదు" అని బోర్డు వేలాడుతోంది. ఇదంతా మా సౌకర్యం కోసమే చేశారని ఎరుగుదును. సౌకర్యం వద్దు మొర్రో అని అర్జీ పెట్టుకున్న మొదటి పౌరుణ్ణి బహుశా నేనేనేమో.

2. సదరు రెండు గంటలలో ఏమి జరిగేదని తమరు అడగవచ్చును. పాదాల తనిఖీ జరిగేది.

దీనికి మూలకారకుడు మా దర్జీ. మా బజారులోనే దుకాణం. భార్య పోయాక దుకాణం వెనక గదిలో ఒక్కడే ఉంటున్నాడు. నన్ను అన్నయ్యా అంటాడు. ఒకనాడు పొద్దున అతను వరండాలో నడుచుకుంటూ వస్తుంటే అడుగడుక్కీ నేల మీద చిన్న ఎర్రచుక్క పడుతోంది. లెక్కలు చెప్పి రిటైరైన మా టీచరమ్మ చూసింది.

"ఏమయ్యా, కాలికి ఏమైంది?"

"ఏం కాలేదే! ఎక్కడండీ?"

అరికాలు తిరగేసి చూస్తే గుండుసూది, తలదాకా దిగి ఉంది. అతని దుకాణంలోదే. దాన్ని అరికాల్లో పెట్టుకుని బజారంతా నడిచి వచ్చాడు, పైగా దారిలో నాకు ఎదురై జోకులు కూడా వేశాడు. మా జబ్బు కొంతకాలానికి పాదాల్లో స్పర్శను తినేస్తుందని డాక్టరు చెప్పగా విన్నాం గాని, అది సూదిని కూడా మింగేస్తుందని ఆ రోజే చూశాం.

అప్పటినుండి టీచరమ్మ ఒక నియమం పెట్టింది. బెంచీ మీద ఎవరు కూర్చున్నా చెప్పులు విప్పి, కాలు తీసి కుడిపక్కవాళ్ళ ఒళ్ళో పెట్టాలి. వాళ్ళు తుడిచి, చూసి, బొటనవేలితో అక్కడక్కడ నొక్కి "తెలుస్తోందా?" అని అడగాలి. అబద్ధమాడకుండా జవాబు చెప్పాలి. కుడి కొసన కూర్చునే నా కాలిని, ఎడమ కొసన కూర్చునే టీచరమ్మే లేచి వచ్చి చూసేది. మీ కాళ్ళు మీరే చూసుకోరాదా అని తమరు అనవచ్చు. వంగితే పొట్ట అడ్డం. పొట్టను దాటితే చూపు ఆనదు. చూపు ఆనిందనుకుంటే ఆ భంగిమలోంచి లేపడానికి ఇద్దరు మనుషులు కావాలి.

ఇంట్లో చూపించుకోవచ్చు గదా అంటారేమో. ఇంట్లో కాలు చూపిస్తే ముందు తిట్లు పడతాయి. ఒకసారి చిన్న గీత కనబడినందుకు మా ఇంటావిడ "ఏమండీ, మీరు మనిషేనా?" అని మొదలుపెట్టి, నేను ఫ్రిజ్ తలుపు చాటున నిలబడి కేకు తింటూ దొరికిపోయిన పాత కేసులన్నీ తిరగదోడింది. (అప్పుడు నేను మంచినీళ్ళ కోసం వచ్చానని వాదించాను. మీసానికి క్రీము అంటుకుని ఉండటం వలన వాదన నిలబడలేదు.) బెంచీ మీద ఎవరూ ఎవరినీ తిట్టరు. అందరమూ దొంగలమే గనుక. "నిన్న ఏం తిన్నారు?" అని టీచరమ్మ అడిగితే మా బస్సు డ్రైవరు తల వంచుకుని "ఏమీ తినలేదమ్మా. పెళ్ళికి వెళ్ళొచ్చానంతే" అనేవాడు. ఇక ఎవరూ ఏమీ అడిగేవాళ్ళు కారు. అతని రెండో పరీక్ష ఫలితం మిగతాది చెప్పేది.

3. బెంచీ తీసేసిన తర్వాత మేము ఒకరికొకరం గేటు దగ్గర మాత్రమే తగులుతున్నాం. "బాగున్నారా?" "బాగున్నాం." షుగరు రోగి ఆడే అబద్ధాలలో ఇది మొదటిది. కాళ్ళకు చెప్పులుంటాయి, లోపల ఏముందో దేవుడికెరుక.

ఈ మధ్యలో దర్జీకి కొత్త చెప్పు కరిచింది. అతనికి తెలియలేదు. తెలియజెప్పేవాళ్ళం లేము. కొన్నాళ్ళకు దుకాణంలో వాసన వేస్తుంటే ఎలుక చచ్చిందనుకుని అల్మరాలన్నీ జరిపి, గుడ్డలన్నీ దులిపి వెతికాడు. ఎలుక దొరకలేదు. వాసన తన కాలిది.

చిటికెన వేలు తీసేశారు. చూడటానికి వెళితే మంచం మీద కూర్చుని, "మిషను తొక్కడానికి తొమ్మిది చాలులే అన్నయ్యా" అన్నాడు. నవ్వించడానికే అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. అతని కాలు చూడవలసిన కుడిపక్కవాణ్ణి నేనే. అర్జీలో ఏడుపు ప్రస్తావన ఉండరాదని నాకు తెలుసును. అయినను కొట్టివేయుట లేదు.

4. ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. దీన్ని టైపు చేయడానికి చేతులు రావటం లేదు.

తమరు తనిఖీకి విచ్చేసిన రోజున నాకు కళ్ళ పరీక్ష కూడా ఉండెను. నర్సమ్మ రెండు కళ్ళలోనూ చుక్కలు వేసింది. అవి వేశాక కొంతసేపు మనిషికీ స్తంభానికీ తేడా తెలియదు. నా ఎడమపక్కన కూర్చున్న దర్జీ మంచినీళ్ళు తెచ్చుకుంటానని లేచి వెళ్ళాడు. అదే సమయంలో తమరు అటుగా వస్తూ, బూటులో ఏదో చప్పుడవుతోందని పక్కవారితో అని, ఆ ఖాళీలో కూర్చుని, బూటూ మేజోడూ విప్పారు. బూటు తిరగేస్తే నోటీసు బోర్డుకు గుచ్చే పిన్ను ఒకటి రాలిపడింది. టీచరమ్మ ఏరి పక్కన పెట్టిందట. ఇవన్నీ నేను తర్వాత వాళ్ళనూ వీళ్ళనూ అడిగి తెలుసుకున్నవి. అప్పటికి నాకు అర్థమైంది ఒకటే. ఎవరో పక్కన కూర్చున్నారు, కాలికున్నది విప్పారు. కాబట్టి దర్జీయే.

వెంటనే తమరి పాదమును నా ఒళ్ళోకి లాక్కొని, చేతిరుమాలుతో తుడిచి, "ఏరా తమ్ముడూ, కాలు ఇంత నున్నగా ఉంది, పనీపాటా మానేశావా?" అని అడిగిన మాట వాస్తవం. కాస్త తడి తగిలితే "ఈ చెమటేంట్రా" అని విసుక్కున్న మాటా వాస్తవం. నియమం ప్రకారం మడమ దగ్గరా బొటనవేలి కిందా గట్టిగా నొక్కి "తెలుస్తోందా?" అని రెండుసార్లు అడిగాను. తమరు ఏమీ అనలేదు. అది అధికారుల గాంభీర్యమని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం "నోట్లో ఏం పెట్టుకున్నావ్, మళ్ళీ మిఠాయేనా?" అని తమరి దవడ కూడా తడిమి చూశాను.

అప్పుడు నర్సమ్మ వేసిన కేక నాకు ఇంకా చెవుల్లో ఉంది. నా సర్వీసు మొత్తంలో, ప్రమోషను కోసం కూడా, ఏ అధికారి కాళ్ళూ పట్టుకోలేదని ఇంటావిడ దగ్గర గొప్పలు పోయేవాణ్ణి. ఆ గొప్ప కాస్తా ఆ పూటతో పోయింది.

5. తమరిని నేను "ఒరేయ్" అన్నానని కేంద్రంలో కొందరు చెప్పుకొనుచున్నది శుద్ధ అబద్ధం. "ఏరా" అని మాత్రమే అన్నాను.

6. ఇది జరిగిన మరుసటి వారమే బెంచీ మాయమైనందున, నా తెలివితక్కువ పనికి తమరు అందరినీ శిక్షించారని నా అనుమానం. కాదు, ఎప్పటినుంచో అనుకుంటున్న మార్పే అని తమరు సెలవిస్తే సంతోషిస్తాను, దర్జీ వేలు పోవడంలో నా వంతు కొంత తగ్గుతుంది. కావలసిన పక్షంలో నన్నొక్కణ్ణి బెంచీ మీద కూర్చోకుండా నిషేధిస్తూ ఉత్తర్వు ఇప్పించండి. నేను నిలబడే చూస్తాను. బెంచీ మాత్రం మావాళ్ళకు ఇప్పించండి.

7. బోర్డు మీద "అనవసరముగా" అనే మాటను తీసివేయ ప్రార్థన. బెంచీ వచ్చాక, మిగిలిన "కూర్చొనరాదు" ఎలాగూ అబద్ధమవుతుంది గనుక బోర్డునే తీసివేసినా అభ్యంతరం లేదు.

తప్పులుంటే నన్నూ, న్యాయముంటే మావాళ్ళనూ దృష్టిలో ఉంచుకొని, పై సంగతులన్నియు తమరు చల్లని మనసుతో చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
బెంచీకి కుడి కొసన కూర్చునేవాడు

మరొక ముక్క:

ఇది చేత్తో రాస్తున్నాను, మీ ఆఫీసు వసారాలోనే నిలబడి. మన్నించండి.

అర్జీ ఇవ్వడానికి నాతోపాటు టీచరమ్మ, కర్ర పట్టుకుని దర్జీ కూడా వచ్చారు. ఇచ్చేముందు తప్పులుంటే చెప్పండని పైకి చదివి వినిపించాను. టీచరమ్మ నవ్వుతూ వింటోంది. నాలుగో అంశంలో ఉండగా దర్జీ నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఆగన్నయ్యా. ఆయన ఏమన్నారు? చప్పుడవుతోంది అన్నారా?"

"అవును. నర్సమ్మ విన్నది."

"గుచ్చుకుంటోంది అనలేదా?"

టీచరమ్మ నవ్వు ఆగిపోయింది. "ఆ పిన్ను కొసకు ఎర్రగా ఉంటే తుప్పు అనుకున్నాను" అంది.

అయ్యా, బూటులో పిన్ను ఉన్నవాడు గుచ్చుకుంటోంది అంటాడు. మీరు చప్పుడవుతోంది అన్నారు. నేను గట్టిగా నొక్కి రెండుసార్లు అడిగితే మీరు పలకనిది గాంభీర్యం అనుకున్నాను. అసలు నొక్కినట్టే మీకు తెలియలేదేమో. నా చేతికి తగిలింది చెమట కాదేమో. కళ్ళల్లో చుక్కలున్నాయి గాని బుద్ధిలో లేవు గదా, నాకు ఆ రోజే తట్టాల్సింది.

ఇప్పుడు మీ అటెండరు మాటల మధ్యలో చెప్పాడు, అయ్యగారికి ఈమధ్య ఎడమ బూటు పట్టటం లేదు, చెప్పుల్లో వస్తున్నారు, తెగ దాహమని సీసాలకు సీసాలు నీళ్ళు తాగుతున్నారు అని. లోపలికి పంపమంటే పని ఏమిటని అడుగుతున్నాడు. అధికారిగారి కాలు చూడాలి అంటే పంపుతాడా? అర్జీ అయితే లోపలికి తీసుకెళ్తానన్నాడు. అందుకే ఇది రాస్తున్నాను.

బెంచీ సంగతి తర్వాత చూసుకుందాం, ఇవ్వకపోయినా సరే. ముందు ఈ కాగితం పక్కన పెట్టి ఎడమ కాలు ఎవరికైనా చూపించండి. మీకై మీరు చూసుకోవద్దు, పొట్ట అడ్డమొస్తుంది. ఇంట్లో తిడతారనిపిస్తే బయటికి రండి. దర్జీ తన ఎడమపక్కన చోటు ఉంచాడు. ఈసారి నా కళ్ళు బాగానే ఉన్నాయి, ఏరా అనను.

మెట్ల మీద కూర్చున్నాం. ఎంతసేపైనా ఉంటాం, మాకు అలవాటే.