జాబితాలో లేని వాక్యం

డిసెంబర్ 27, శుక్రవారం. పుంగనూరు.

ఈసారి ప్రింటు వాగ్దాన కార్డులు దొరకలేదట. జయచంద్ర పాస్టరయ్య నూట ఇరవై ఖాళీ కార్డులు, వాక్యాల జాబితా తెచ్చి అమ్మకిచ్చాడు. శ్వేత దస్తూరి ముత్యాల మాదిరి ఉంటాది, రాసిపెట్టమను మా, అని చెప్పి వెళ్ళాడు.

జనవరి ఒకటిన ఆరాధన అయ్యాక ఒక్కొక్కరూ కళ్ళు మూసుకుని పళ్ళెంలోంచి ఒక కార్డు తీసుకోవడం మా సంఘంలో అలవాటు. ఏ వాక్యం వస్తే అదే ఆ సంవత్సరానికి దేవుడు వాళ్ళతో చెప్పిన మాట. సంవత్సరమంతా బీరువా తలుపుకో, సెల్‌ఫోన్ కవర్ లోపలో ఉంటుంది.

మదనపల్లెలో కాలేజీకి సెలవులు. బీఏ రెండో సంవత్సరం, స్పెషల్ తెలుగు. ఇంతకన్నా మంచి హోంవర్కు ఎవరిస్తారు?

డిసెంబర్ 29, ఆదివారం.

ఎనభై అయ్యాయి. జాబితా నిండా ఆరోగ్యం, విజయం, సమృద్ధి. కష్టం గురించిన వాక్యం ఒక్కటీ లేదేమని పాస్టరయ్యని అడిగాను. కొత్త సంవత్సరం పూట ఏడుపు వాక్యాలు ఎవురికి కావాల మా, అన్నాడు. పోయినేడు దేవరాజులు మామకు శిక్ష గురించిన వాక్యం వచ్చిందట. దాన్ని మెల్లగా పళ్ళెంలో జారవిడిచి ఇంకోటి తీసుకున్నాడట. నేను సూడనట్టు ఉండిపోతి, అని నవ్వాడు.

డిసెంబర్ 30. ఉదయం 11.

ఆఖరి కార్డు నా ఇష్టానికి రాశాను. నేలలో పడి చావని గింజ ఒంటరిగా మిగిలిపోతుందనీ, చచ్చిన గింజే పంటనిస్తుందనీ చెప్పే వాక్యం. అర్థం కోసం రాయలేదు. ఆ పాత తెలుగు నోట్లో తిరుగుతూనే ఉంది, అందుకు. ఈ ఒక్క కార్డుకు నల్ల ఇంకు వాడాను.

పాస్టరయ్యకు చెప్పలేదు.

జనవరి 1, బుధవారం.

అది రత్నమ్మ పెద్దమ్మకు వచ్చింది.

జనవరి 1. సాయంత్రం 4.

వరుసగా రాస్తాను.

పెద్దమ్మ అమ్మకు అక్క. ఉండేది కుప్పంలో. కొత్త సంవత్సరానికి మాత్రం పుట్టింటి సంఘానికే వస్తుంది. ఆమె కొడుకు ఉదయ్ కిరణ్ అన్నకు ఇరవై ఆరేళ్ళు. కుప్పం నుంచి రోజూ రైల్లో బెంగుళూరు కంపెనీకి వెళ్ళి వచ్చేవాడు. రెండేళ్ళ క్రితం రెండు కిడ్నీలూ పాడయ్యాయి. ఇప్పుడు మంగళవారం, శుక్రవారం డయాలసిస్.

పెద్దమ్మకు చదువు రాదు. కార్డు తీసి నాకే ఇచ్చింది. సదువు పాపా, అంది. నా దస్తూరి చూసుకుని మురిసిపోతూ, గొంతు సవరించుకుని మరీ చదివాను. ఇంకోసారి చదవమంది. చదివాను. సావాలంటనా, అని అడిగింది. గింజ, అన్నాను. కార్డు తీసుకుని రవికలో పెట్టుకుంది.

ఇంటికొచ్చాక వంటింట్లో అమ్మ చెప్పింది. అన్న రక్తం గ్రూపు పెద్దమ్మదానితో కలిసిందట. కిడ్నీ ఇవ్వడానికి ఆమెకు భయం. హనుమంతు పెదనాన్న వద్దే వద్దన్నాడట. నీకేమన్నా అయితే ఇద్దురు రోగుల్ని యాడ పెట్టుకునేది, అని. ఎటూ తేల్చుకోలేక, ఈ సంవత్సరం కార్డులో దేవుడు ఏం చెప్తే అది చేస్తానని పెద్దమ్మ మూడు నెలలుగా ఉపవాసం ఉంటోందట.

మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు పెద్దమ్మ అందరి ముందూ చెప్పింది. ఇస్తా. ఆయన చెప్పేసినాడు.

చెప్పింది ఆయన కాదు. నేను.

జనవరి 3.

సెలవులు అయిపోయాయి. క్లాసులో ఏదీ వినపడలేదు.

జనవరి 8, బుధవారం.

పెద్దమ్మకు ఫోన్ చేశాను. బాగుండావా పాపా, తిన్నావా, అంది. తిన్నానన్నాను. పెట్టేశాను.

ఆపరేషన్లో ఆమెకేమైనా అయితే? డాక్టర్లు మంచివాళ్ళు, ఏమీ కాదు అని రాసి కొట్టేశాను. డాక్టర్ల సంగతి నాకేం తెలుసు.

జనవరి 17, శుక్రవారం. కుప్పం.

కాలేజీ ఎగ్గొట్టి బస్సెక్కాను. డయాలసిస్ వార్డులో ఆరు మంచాలు. అన్నది మూడో మంచం. చేతికి రెండు పైపులు, ఒకదాంట్లో రక్తం పోతోంది, ఒకదాంట్లో వస్తోంది. నన్ను చూసి నవ్వాడు. అందురూ నా కిడ్నీ కోసం ప్రార్థన చేస్తాండారు గానీ, ఏం తిన్నావురా అని ఒక్కురూ అడగరే, అన్నాడు. ఏం తిన్నావని అడిగాను. ఉప్పు లేని ఉప్మా. ఉప్పు తీసేస్తే మిగిలేది ‘మా’నే గదా, అట్లంటే అమ్మ ఊరుకోదు, ఉప్మానే అనాల, అన్నాడు.

పెద్దమ్మ నీళ్ళకు వెళ్ళినప్పుడు గొంతు తగ్గించాడు. అమ్మ గింజయితే నేను మొక్కనా మే? ఆమెకేమన్నా అయితే ఆ బరువు మోసుకోని యాడ తిరగాల నేను? నువ్వన్నా చెప్పు, నీ మాట వింటాది. సదువుకున్నదానివి.

వరండాలో పెద్దమ్మకు అంతా చెప్పేశాను. అది జాబితాలో లేదనీ, మాటలు బాగున్నాయని నేనే రాశాననీ. ఏడ్చాను కూడా.

ఎన్ని కార్డులు రాసినావని అడిగింది. నూట ఇరవై. అన్నీ చేత్తోనేనా? అవును. వేళ్ళు నొయ్యలేదా? నొచ్చాయన్నాను.

అప్పుడు అంది. నూట పంతొమ్మిది మందికి మంచి మాటలు పోయినాయి. నాకిది వచ్చింది. రాసింది నువ్వయితే ఏమి, పళ్ళెంలో నా చెయ్యి దాని మింద పెట్టింది నువ్వు కాదు గదా. యాల ఇట్లా చేసినావయ్యా అని రెండేండ్లుగా అడగతాండా పాపా. ఎవురూ చెప్పలేదు. ఈ కార్డూ చెప్పలేదు. ఏం చెయ్యాలో మాత్రం చెప్పింది. సాలు. కండ్లు తుడుసుకో, నర్సమ్మ సూస్తే నేను కొట్టినాననుకుంటాది.

నా తప్పు ఆమెకు తప్పుగా కనపడలేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

జనవరి 29, బుధవారం.

బెంగుళూరు పెద్దాసుపత్రిలో పరీక్షలు. నేను ఇంటికొచ్చే బస్సులో ఉండగా అమ్మ ఫోన్ చేసి చెప్పింది. పెద్దమ్మకు సుగరు ఉందట. ఇన్నాళ్ళూ తెలియదు. ఆమె కిడ్నీ తీసుకోవడం కుదరదన్నారు.

ముందు నాకు హాయిగా అనిపించింది. నిజం రాస్తున్నాను. బస్సు రామసముద్రం క్రాసు దాటేదాకా హాయిగానే ఉంది. తర్వాత మూడో మంచం గుర్తొచ్చింది.

ఫిబ్రవరి 2, ఆదివారం.

పాస్టరయ్యకు కార్డు సంగతి చెప్పాను. కోప్పడలేదు. అమ్మ సెల్‌లో పెద్దమ్మతో మాట్లాడాడు. దేవుడు నీ మనసు సూసినాడమ్మా, ఆయనకు అది సాలు, అన్నాడు. స్పీకర్ ఆన్‌లో ఉంది. పెద్దమ్మ గొంతు మా ఇంట్లో అందరికీ వినిపించింది. మనసు తీసి నా కొడుక్కి ఎక్కిస్తారా అయ్యా?

పాస్టరయ్య ఫోన్ అమ్మకిచ్చి చెప్పులు వేసుకున్నాడు. టీ తాగలేదు.

ఫిబ్రవరి 9, ఆదివారం.

పెద్దమ్మ వచ్చింది. పెదనాన్న ఎప్పుడూ మందిరం లోపలికి రాడు, ఈసారీ గుమ్మం బయటే నిలబడ్డాడు.

మా సంఘంలో సాక్ష్యానికి ఒక పద్ధతి ఉంది. కష్టం చెప్పాలి, ప్రార్థన చెప్పాలి, చివరికి దేవుడు ఎలా విడిపించాడో చెప్పాలి. మాట మాటకూ జనం స్తోత్రం అంటారు. విడుదల లేని సాక్ష్యం ఎవరూ చెప్పరు. అయ్యేదాకా ఆగుతారు.

పెద్దమ్మ లేచింది. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

నాకు విడుదల కాలేదు. నా కొడుకు మంగళవారం, శుక్రవారం సూదులు పొడిపించుకుంటాండాడు. నేనిస్తానంటే నాది పనికిరాదన్నారు. యాల అని నాకు తెలీదు. పాస్టరయ్యకూ తెలీదు, అడిగినా. ప్రభువు సిలువ మింద యాల నన్ను వదిలేసినావని అరిసినాడంట గదా. ఆయనకూ ఎవురూ బదులు చెప్పలేదు. అందుకని ఆయనకు తెలిసుంటాది, బదులు రాకపోతే ఎట్లుంటాదో. ఆ మంచం కాడ నేనొక పక్క కూచుంటా. ఇంకో పక్క ఆయన కూచుంటాడు. నాకు కనపడడు. నా కొడుకు నవ్వతాడు, యాడమ్మా, కుర్చీ ఒకటే గదా అని. అంతే. ఇదే నా సాక్ష్యం.

కూర్చుంది.

స్తోత్రం ఎక్కడ అనాలో ఎవరికీ తెలియలేదు. పాస్టరయ్య పాట నంబరు చెప్పలేదు. మైకు దించి, నాకీ మాట బోధించేది చేతకాలేదు, అన్నాడు.

బయటికొచ్చాక పెదనాన్న ఆమె చెప్పులు వెతికి కాళ్ళ ముందు పెట్టాడు. శుక్రవారం నేను కూచుంటా, నువ్వు పండుకో, అన్నాడు. ఆయనది వేరే రక్తం గ్రూపు, ఇవ్వడానికి వీల్లేదు. కూర్చోవడానికి గ్రూపుతో పని లేదు.

ఫిబ్రవరి 14, శుక్రవారం. కుప్పం.

పెదనాన్నకు ఉన్నట్టుండి పని పడింది. నేను వచ్చాను.

మూడో మంచం. ఉదయం ఎనిమిది నుంచి పన్నెండు వరకు. అన్న నిద్రపోయాడు. ఒక్క కుర్చీయే ఉంది, ఖాళీగా.

స్టూలు అడిగి తెచ్చుకున్నాను.