నీలం రంగు మీద నింద

జూన్ 3, సోమవారం

ఇవాళ కూడా మంచం దగ్గరికే నీళ్లూ మాత్రా తెచ్చిచ్చారు మా ఆయన. తెల్ల మాత్ర. బలానికట. పోయిన నెలలో నిద్ర పట్టక, ఊరికే ఏడుపొస్తోందని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. అడిగినవాటికి నేను తల ఊపడం తప్ప ఏమీ చెప్పలేకపోయాను. తర్వాత నన్ను బయట కూర్చోబెట్టి ఈయనతో చాలాసేపు మాట్లాడారు. ఆ డాక్టరే రాశారట.

పెళ్లయ్యాక నాకంటూ ఒకరు నీళ్లు తెచ్చివ్వడం ఇదే మొదలు. ఆయన అరచేతిలోంచి మాత్ర తీసుకోవాలంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. అత్తయ్య చూసి, మహారాణిగారికి పడక దగ్గరికే సేవలు, నేను జ్వరంతో పడుకుంటే మీ నాన్న కాఫీ ఏదని అడిగేవారురా అంది. ఈయన నవ్వి ఊరుకున్నారు.

జూన్ 8, శనివారం

మా కుట్టు షాపులో చొక్కాలకి కాజాలు కుడుతూ కూనిరాగం తీశానట. నాకే తెలియలేదు. కటింగ్ బల్ల దగ్గర కత్తెర చప్పుడు ఆగిపోయింది. తలెత్తితే ఈయన నన్నే చూస్తున్నారు.

ఒక మనిషి ప్రేమగా చూసుకుంటే ఇంత మార్పు వస్తుందా?

జూన్ 11, మంగళవారం

మోచేతుల దాకా ఎర్రగా దద్దుర్లు. ఒకటే దురద. అత్తయ్య చూడగానే తేల్చేసింది. ఇప్పుడు కుడుతున్న కొత్త స్కూలు యూనిఫాంల నీలం గుడ్డే కారణమట. రంగుల తాతకి వయసు మీద పడింది, సరిగ్గా జాడించకుండానే పంపేస్తున్నాడు, పచ్చి రంగు దీని ఒంటికి అంటుకుంది అంది. మా షాపు గుడ్డకి రంగు అద్ది ఇచ్చేది ఆ తాతే. నన్ను బుజ్జమ్మా అని పిలుస్తాడు.

ఈయన మాత్రం నా చేతులు పట్టుకుని తిప్పి తిప్పి చూశారు.

జూన్ 13, గురువారం

పొట్ట మీదా వచ్చాయి. వీపు మీదా. వీపుకి గుడ్డ ఎప్పుడు తగిలిందో. అడగాలనిపించింది, అడగలేదు.

జూన్ 14, శుక్రవారం

స్కిన్ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. సబ్బు మార్చారా, కొత్తగా ఏమైనా తిన్నారా, కొత్త మందులేమైనా వాడుతున్నారా అని అడిగింది. నేను ఈయన వైపు చూశాను. బలం మాత్ర మందు కిందికి వస్తుందో రాదో నాకేం తెలుసు. మందులేమీ లేవండి, కుట్టుపని కదా, గుడ్డ రంగు పడలేదు అన్నారు ఈయన. టక్కున అనేశారు. ఆవిడ పూత మందు రాసిచ్చింది.

ఇంటికి రాగానే రంగుల తాతని పిలిపించి నీలం తానులన్నీ వాకిట్లో పడేశారు. నా భార్య ఒళ్లు ఎలా చేశావో చూడు అని అరిచారు. తాత నా చేతులు చూసి, ఇన్నేళ్లలో నా రంగు ఎవర్నీ కరవలేదు బాబూ అన్నాడు మెల్లగా. ఇప్పుడు కరిచిందిగా అంది అత్తయ్య. తాత తానులు భుజానికెత్తుకుని వెళ్లిపోయాడు.

జాలేసింది. అయినా, రాయడానికి సిగ్గుగా ఉంది గానీ, లోపలెక్కడో సంతోషం కూడా వేసింది. నా కోసం గొడవపడే మనిషి ఒకరున్నారని.

జూన్ 15, శనివారం

మాత్ర వేసుకున్నాను. ఆయన చేతిలోంచే.

జూన్ 17, సోమవారం, ఆస్పత్రిలో

నిన్న మధ్యాహ్నం పెదవులు ఉబ్బాయి. తర్వాత కన్ను మూసుకుపోయింది. గొంతు బిగుసుకుపోయింది. పక్క షాపువాళ్ల వాన్‌లో తెచ్చారు. కొత్తగా ఏం తిందో, ఏం మందు వేసుకుందో త్వరగా చెప్పమని నర్సు గదమాయించింది. ఈయన చెప్పారు. పొడుగాటి ఇంగ్లీషు పేరు, ఎన్ని మిల్లీగ్రాములో, ఎప్పుడు మొదలుపెట్టారో, ఒక్కచోట కూడా తడుముకోలేదు. డిప్రెషన్ మందేనా అని అడిగింది నర్సు. అవునన్నారు.

ఊపిరి ఆడకపోయినా చెవులు వినిపిస్తూనే ఉంటాయి.

జూన్ 18, మంగళవారం

ఆ మాత్ర రాసిన డాక్టరుగారు వచ్చారు. ఎవరో కొందరికి ఇలా పడదట, పడే మందులు వేరే ఉంటాయట. ఒంటి మీద ఒక్క దద్దురు కనిపించినా మాత్ర ఆపేసి వెంటనే రమ్మని మీవారికి మరీ మరీ చెప్పానుగా అన్నారు నాతో. ఈయన గోడకి అంటించిన కాగితమేదో చదువుతున్నట్టు నిలబడ్డారు.

డాక్టరుగారు వెళ్లాక ఈయన్ని అడిగాను. అమ్మకి తెలిస్తే పిచ్చి మందు అంటుంది, నీకు చెబితే భయపడి వేసుకోవనుకున్నాను అన్నారు. మరి దద్దుర్లు వచ్చాక అన్నాను. ఆ కాగితం అంచు గోటితో గీకారు. చివరికి, నవ్వుతున్నావు కదా, పాడుతున్నావు, ఆపబుద్ధి కాలేదు, రంగు వల్లే అయ్యుంటుందని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను అన్నారు. అని ఏడ్చారు.

చెయ్యి పట్టుకోవాలని తెలుసు. పట్టుకోలేదు.

మంచం దగ్గరికి నీళ్లు తెచ్చింది దాచడానికా? రేకులోంచి ముందే తీసేసి ఉత్త మాత్ర తెచ్చింది, పేరు కూడబలుక్కుని చదివేస్తాననా? నా అయిదో తరగతి చదువుకే అంత భయమా?

కూనిరాగం తీసింది కూడా నేను కాదేమో.

జూన్ 21, శుక్రవారం

ఒక్కదాన్నే రంగుల తాత ఇంటికి వెళ్లాను. రంగు కలిపే తొట్టి ఖాళీగా ఉంది. నా రంగు మీద నాకే అనుమానం పుట్టింది బుజ్జమ్మా, ఉన్నదంతా పారబోశాను అన్నాడు. మీ రంగు కాదు తాతా, నా మందు అన్నాను. ఏం మందు తల్లీ అన్నాడు. మనసు బాగుపడటానికి వేసుకునే మందు అని చెప్పాను. వీధిలోకి వినిపించేలా చెప్పాను.

తాత చేతులు తుడుచుకుంటూ, ఈ మాట మీ ఆయన వచ్చి చెప్పాల్సింది అన్నాడు.

ఇంటికొచ్చి అదే చెప్పాను. ఆర్డరు వేరే అద్దకంవాళ్లకి ఇచ్చేశాను, ఇప్పుడు పోయి ఏం మొహం చూపించను అన్నారు ఈయన. కటింగ్ బల్ల దగ్గరికి వెళ్లిపోయారు.

నన్ను మోసం చేసింది భయంతోనో ప్రేమతోనో అనుకుందామని చూస్తున్నాను. ఆ తాతని?

జూన్ 26, బుధవారం

డాక్టరు దగ్గరికి ఈసారి నేనొక్కదాన్నే లోపలికి వెళ్లాను. అడిగినవన్నీ చెప్పాను. వేరే రకం రాశారు. కొన్నాళ్లు ఒళ్లు గమనించుకోమన్నారు, ఏం కనిపించినా రమ్మన్నారు.

అత్తయ్యకి నేనే చెప్పాను. నీ వయసులో నాకూ అలాగే ఉండేది, నాకెవరూ ఏ మందూ ఇవ్వలేదు అంది. గిన్నెలు అరిగిపోయేలా తోమింది.

జూలై 9, మంగళవారం

మందు పనిచేస్తోందా అని అడిగే ధైర్యం ఆయనకి లేదు. జవాబు నా మొహంలో వెతుక్కుంటున్నారు.

ఇవాళ బొత్తాలు కుడుతుంటే నవ్వొచ్చింది. గోడవైపు తిరిగి నవ్వుకున్నాను.