బుట్టలోది

మంగళవారం.

తోటలో గాలికి రాలిన మామిడికాయ రసంలో మిరియాలు, జీలకర్ర కలిపి సాయంత్రం కీరా ముక్కల మీద పోశాను. గుండె జబ్బని నా భార్య సుజాతకు, తను చనిపోయేదాకా ఉప్పు లేకుండా చేసిపెట్టిన డ్రెస్సింగే అది.

"బుట్టలోది వెయ్యలేదేంటి అల్లుడుగారూ?" అన్నారు అత్తగారు. దీపాలు పెట్టాక ఆవిడ ఉప్పు అనరు.

"సుజాతకూ వెయ్యలేదుగా అండీ."

"మీరు అటు తిరగ్గానే నేను కాస్త కలిపేదాన్ని. చప్పిడి తినలేకపోయేది పిల్ల."

మిరియాలు దంచిన రోకలి ఆవిడ తల మీదికే ఎత్తాను. ఆవిడ కదల్లేదు. పక్కనున్న ఉప్పు జాడీ మీద దించాను. పెంకు తగిలి తెగిన అరచెయ్యి ఆ ఉప్పుకే ఇంకా మండుతోంది.

"మీ చేతి రుచి" అంటూ సుజాత రోజూ గిన్నె ఖాళీ చేసేది. ఎవరి చెయ్యో తెలిసే, నాతో అలా అనేదా?