మూడు ఇస్పేట్ల దగ్గర పాస్

కడప,
జూలై 8

బావకు ఈరేష్ నమస్కారాలు.

ఇక్కడ నేను క్షేమంగా లేను. మొన్న ఆదివారం నుంచి అన్నం సయించడం లేదు. కారణం నువ్వు. ఫోన్ చేసి అడుగుదామంటే, నేను ‘పాస్’ అంటే నీ చెవులకు ‘బస్’ అని వినిపిస్తుంది. అందుకే ఉత్తరం.

క్లబ్బులో బ్రిడ్జి ఆటలో మనకొక గేమ్, జోసెఫ్ దంపతులకొక గేమ్. ఇంకొకటి కొడితే ఆట మనది. నువ్వు ఒక ఇస్పేటు అన్నావు. నేను మూడు అన్నాను. అంటే ఏమిటి బావా? ‘నా చెయ్యి ఓ మోస్తరు, నీది బాగుంటే నాలుగుకు పో’ అని. నాలుగు చెప్పి పది పట్లు పడితే గేమ్. నువ్వు ఫ్యాను వైపు చూసి పాస్ అని మూడు దగ్గరే ఆపేశావు. తర్వాత పది పట్లూ పట్టావు! ముందు చెప్పకుండా పడితే గేమ్ ఇస్తారా? ఇంకో నాలుగు పంపకాలు సాగి చివరికి ఓడిపోయాం. జోసెఫ్ భార్య ప్రేమజ్యోతి, “ఏమప్పా, మీ బావ ఉపాసం ఉండాడా? గేమ్ ముట్టనే లేదే!” అని నవ్వింది.

ఎందుకు పాస్ అన్నావు?

ఇట్లు,
ఈరేష్

తా.క.: నువ్వు వేసిన ముక్కలన్నీ నాకు గుర్తే. ఇస్పేటు ఆసు, రాణి. ఆఠీన్ ఆసు, రాజు. డైమన్ రాజు. ఆసుకు నాలుగు, రాజుకు మూడు, రాణికి రెండు. మొత్తం పదహారు పాయింట్లు. ఈ లెక్క నాకు నేర్పిందే నువ్వు.

* * *

కర్నూలు,
జూలై 12

చిరంజీవి ఈరేష్‌కు బావ కంబన్న ఆశీస్సులు.

ఇద్దరికీ కలిపి పాతిక పాయింట్లు లేనిదే నాలుగుకు పోకూడదని నీకు ముప్పై ఏళ్ళుగా చెబుతున్నాను. నా చేతిలో ఉన్నవి పన్నెండు. పదహారు కనబడ్డాయంటే కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళు. పైగా నువ్వు మూడు అన్న తీరు! సంతాప సభలో మాట్లాడినట్టు అన్నావు. కాలువల ఇంజనీరుగా చేసినవాణ్ణి, నీళ్ళు లేనిచోట గేటు ఎత్తను.

ఇట్లు,
కంబన్న

తా.క.: పక్కింటి హులిగెమ్మ నీ కవరు చూసి, “ఏందప్పా, కోర్టు నోటీసా?” అంది. కాదు, మా బామ్మర్ది రాశాడన్నాను. “రెండూ ఒకటే కదప్పా” అంది.

* * *

కడప,
జూలై 17

శ్రీ కంబన్న గారికి,

డాక్టరు దగ్గరికి వెళ్ళాను. కళ్ళు బాగున్నాయి, బీపీయే బాగాలేదు అన్నాడు.

జోసెఫ్ ఒక సంగతి చెప్పాడు. ఆ రోజు మీరు చేతులు కడుక్కుంటూ, “కర్నూల్లో బ్రిడ్జి ఆడేటోళ్ళు యాడన్నా ఉండారాప్పా?” అని అడిగారట. ఇప్పుడర్థమైంది. నామీద విసుగు పుట్టి కొత్త జోడీని వెతుక్కుంటున్నారు. కానివ్వండి. నాకోసం ప్రతి నెలా మొదటి ఆదివారం బస్సులో నడుం విరగ్గొట్టుకుని రానక్కరలేదు.

ఇట్లు,
మీ పాత జోడీ

తా.క.: మంగంపేట గనుల్లో సర్వేయరుగా ఎన్నో కొలతలు తీశాను. ఒక్కటీ తప్పలేదు. పదహారే.

* * *

కర్నూలు,
జూలై 22

మహారాజశ్రీ ఈరేష్ గారి సముఖమునకు,

రావద్దన్నారు. సంతోషం. మీ అక్క మహాదేవమ్మ పోయి రెండేళ్ళయింది. ఆమె ఉన్నన్నాళ్ళూ మనం బావాబామ్మర్దులం. ఇప్పుడు ‘కడపలో నీకేం పని’ అని నన్ను అడగడానికి ఇస్పేట్లను అడ్డం పెట్టుకోవాలా? నేరుగా చెప్పొచ్చు కదా.

ఇట్లు,
మాజీ బావ

తా.క.: మీ గొడుగు నా సంచిలో వచ్చింది. కడపలో వాన పడితే తెలపండి, పంపుతాను. తొందరేమీ లేదనుకుంటాను.

* * *

కడప,
ఆగస్టు 5

బావా,

మొన్న ఆదివారం నువ్వు రాలేదు. ముగ్గురితో బ్రిడ్జి కుదరదు. జోసెఫ్, ప్రేమజ్యోతి కాసేపు రమ్మీ ఆడి ఇంటికి వెళ్ళిపోయారు. నేను నీ కుర్చీకి ఎదురుగా ఆరింటిదాకా కూర్చున్నాను. వాచ్‌మన్ వచ్చి, “సార్, ఎవురన్నా వస్తాండారా, లైట్లు ఆపేదా?” అన్నాడు. వస్తారన్నాను. పాపం, ఇంకో అరగంట ఉంచాడు.

నేను రానక్కరలేదన్నది కోపంతో. నువ్వు పన్నెండంటే పన్నెండే. ఇంక లెక్కలడగను.

ఈరేష్

తా.క.: మాజీ బావ అనే పోస్టు ఎక్కడా లేదు.

* * *

కర్నూలు,
ఆగస్టు 8

ఒరే ఈరేషా,

పదహారే.

నాలుగు అంటే గేమ్. గేమ్ వస్తే మూడున్నరకే ఆట ముగుస్తుంది. నాలుగు గంటల బస్సుకు నన్ను ఎక్కించేస్తావు. ఇక్కడికొచ్చి తాళం తీస్తే మళ్ళీ నెల దాకా మాట్లాడే మనిషి లేడు. మొన్న బుధవారం హులిగెమ్మతో “పాలు ఇరిగిపోయినాయమ్మా” అన్నాను. ఆ రోజుకు అదొక్కటే మాట. అందుకే పాస్ అన్నాను. నాలుగు పంపకాలు ఎక్కువ దొరికాయి. ఓడినందుకు నాకేం బాధ లేదు. కర్నూల్లో ఆడేవాళ్ళను అడిగింది నిన్ను వదిలేద్దామని కాదు, మిగతా ఇరవై తొమ్మిది రోజులు గడవాలని.

ఇప్పుడు నీ సంగతి. నేను ఆడుతుంటే నీ ముక్కలన్నీ బల్ల మీద పరిచావు కదా. లెక్కపెట్టాను. ఓ మోస్తరా అది? పదమూడు! నా ఒక ఇస్పేటు విన్నాక, పదమూడు చేతిలో పెట్టుకుని ఎవడైనా తనే నాలుగు అంటాడు. నువ్వు మూడు దగ్గర ఆగావు. ఎందుకని అప్పుడే అడిగేవాణ్ణి. అడిగితే నువ్వూ నన్ను అడుగుతావని నోరు మూసుకున్నాను. నీకూ ఆ నాలుగు గంటల బస్సే గుర్తొచ్చింది కదూ?

మీ బావ,
కంబన్న

తా.క., శనివారం: దీన్ని పోస్టులో వేయలేదు. వేస్తే నువ్వు పాస్ అని జవాబు రాస్తావేమోనని భయమేసింది. పొద్దున్నే బస్సెక్కి పది రోజులకు సరిపడా బట్టలతో వచ్చాను. ఈ కాగితాన్ని నీ తలుపు కింద నుంచి తోస్తున్నాను. చదివేసి గొళ్ళెం తియ్యప్పా. బయట ఎండ శానా ఉండాది.